మొదటి రాయికి వెయ్యి ఎనభై ఆరు

పెనుకొండ,
3 ఫిబ్రవరి 2025

అన్నకు,

ఇక్కడ మేమంతా ఉన్నాము. బాగున్నామని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఉన్నామని మాత్రమే రాస్తున్నాను.

మొన్న వదినకు ఫోన్ చేసి నీకిమ్మంటే, నువ్వు మూడుసార్లు "ఆఁ?" అని, నాలుగోసారి "సరేలే" అన్నావు. దేనికి సరే అన్నావో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నీ చెవులతో పెట్టుకుంటే పని కాదని మళ్లీ కాగితం పట్టుకున్నాను. నా పెళ్లయిన కొత్తలో రాసుకున్నట్లే రాసుకుందాం.

సంగతి ఏమంటే, పాత బోరు దీపావళి నుంచి రోజుకు గంట మించి ఆడడం లేదు. పోయిన నెల కొత్తది వేయిస్తే ఐదు వందల అడుగులూ దుమ్మే వచ్చింది. రెండెకరాల మల్బరీ తోటలో కింది ఆకులు పసుపు తిరిగినాయి. ఆకు లేకుండా పట్టుపురుగులు తెచ్చుకొని ఏం చేసేది? షెడ్డు కడిగి ఖాళీగా పెట్టినాను.

ఆదివారం మీ బావ హిందూపురం నుంచి వచ్చినాడు. గూళ్ల మార్కెట్టులో వారమంతా ఊరోళ్ల పట్టుగూళ్లు తూకం వేసి, ఇంటికొచ్చి ఖాళీ షెడ్డు చూస్తే ఆయనకు కోపం వస్తుంది. "ఇంగొక్క బోరు ఏద్దాం. ఈ తూరి గూడా దుమ్మొస్తే తోట పీకేసి హిందూపురం వచ్చెయ్. గార్మెంట్స్‌లో మిషన్ మీద కూర్చుందువు" అన్నాడు. తొమ్మిదేళ్ల కిందట ఆ తోటలో ఒక్కో కట్టె నేను నాటినాను. నాకు ఎవరి మిషన్ మీదా కూర్చోవాలని లేదు.

బోరు ఎక్కడ వేయాలన్నదే ఇప్పుడు తగువు. పొలంలో నాలుగు రాళ్లు నిలబెట్టినాము. ఈశాన్యంలో ఉండేది అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచిన ఆయన చూపించింది. రెండోది వేపపుల్ల ఆయనది. మూడోది యంత్రం తెచ్చి చూసిన జియాలజిస్టుది. నాలుగోది మా అత్తకు కలలో కనబడింది. "నాలుగింట్లో మా అమ్మ కల ఒకటే ఫ్రీ" అని మీ బావ ఎగతాళి. ఎవరూ నొచ్చుకోకుండా నాలుగింటికీ పసుపు పూసినాను.

వదిన నాతో ఒక మాట అనింది. "మీయన్న అట్టలు కొట్టేది అయినాక, కంప్యూటర్లో యాడో ఫారిన్లో ఉండే మిషన్‌తో లెక్కలు చేస్తాండాడు. వేల ఏండ్లు పట్టే లెక్క ఒక్క నిమిషంలో తేలుస్తాదంట" అని. పేపర్లో నేను కూడా చదివినాను. క్వాంటం కంప్యూటరంట. నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. ఈ నాలుగు రాళ్లలో ఏదో దాన్ని అడిగి రాయి.

నీ చెల్లెలు,
హేమావతి


ధర్మవరం,
8 ఫిబ్రవరి 2025

చెల్లెలు హేమావతికి,

నీ ఉత్తరం గురువారం అందింది. రెండుసార్లు చదివాను.

మీ వదిన చెప్పింది సగం నిజం. ఆ యంత్రం నాది కాదు. ఎక్కడో విదేశంలో, మంచుకంటే ఎంతో చల్లగా ఉండే పెట్టెలో ఉంటుంది. దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టారు. పేరు, ఈమెయిలు అడిగి ఖాతా ఇచ్చారు. పదో తరగతి తప్పానని ఎక్కడా రాయవలసిన అవసరం రాలేదు. నెలకు పది నిమిషాలు ఉచితం. పని పంపితే వరుసలో ఉంచుతారు. మొన్న నా ముందు రెండు వందల పన్నెండు పనులున్నాయి. మన వంతు వచ్చాక రెండు మూడు సెకండ్లలో జవాబు వస్తుంది. పద్నాలుగు నెలలుగా చూస్తున్నాను.

దానికి పని చెప్పే పద్ధతి మన పట్టుచీర గ్రాఫులాగే ఉంటుంది. అడ్డగీతలు గీసి, వాటి మీద గళ్లు పెట్టాలి. మగ్గం మీద డిజైను కోసం ఇరవై తొమ్మిదేళ్లుగా అట్టలకు రంధ్రాలు కొడుతున్నవాడిని. ఏ రంధ్రానికి ఏ పోగు లేస్తుందో తెలిసినవాడికి అది మరీ కొత్తగా అనిపించలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు చెప్పగలవాడిని కాను. ఒకటి చేసి చూపిస్తాను. రెండు పోగులనుకో. ఒక్కో పోగు లేవవచ్చు, లేవకపోవచ్చు. రెండింటికీ కలిపి నాలుగు రకాలవుతాయి. నీ నాలుగు రాళ్లు అనుకో. యంత్రాన్ని నాలుగు వేలసార్లు అడిగాను. మొదటిదానికి 1,086 వచ్చింది. రెండోదానికి 1,003. మూడోదానికి 992. నాలుగోదానికి 919. లెక్క చూస్తే నీకే తెలుస్తుంది.

ఇక్కడ నెమలి అంచు అడుగుతున్నారు. రోజుకు పది గంటలు దానికే పోతోంది. అనంతపురంలో చెవుల డాక్టరు మిషన్ పెట్టుకోమన్నాడు. చూద్దామన్నాను. బావను అడిగానని చెప్పు. బోరు విషయంలో తొందరపడవద్దు.

నారాయణస్వామి


పెనుకొండ,
19 ఫిబ్రవరి 2025

అన్నా,

బోరు దగ్గర గట్టు మీద కూర్చొని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నవ్వకు.

నీ కాగితం మేమిద్దరం మార్చి మార్చి చదివినాము. మీ బావ దాన్ని జేబులో పెట్టుకొని హిందూపురం పోయి బోరు ఏజెంటుకు చూపించినాడు. ఆయన ఒక్కో అంకె మీద వేలు పెట్టి, "ఈశాన్యం రాయికి వెయ్యిన్ని ఎనభై ఆరు ఓట్లు పడినాయి. మీ అమ్మ కలకు డిపాజిట్ పోయింది" అన్నాడంట. ఆ మాట మీ బావ ఇంటికొచ్చి అత్త ముందరే చెప్పినాడు. అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఓడించింది నా పుట్టింటివాళ్లని.

సోమవారం పొద్దున బోరు బండి వచ్చింది. నూరడుగులు దుమ్ము. రెండు నూర్లు దుమ్ము. మూడు నూర్లప్పుడు మీ బావ తువ్వాలు తలకు చుట్టుకొని, పొలానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను అడుగులు లెక్కపెట్టడం మానేసి, గార్మెంట్స్ బస్సు మన ఊరి దగ్గర ఎన్ని గంటలకు ఆగుతుందో గుర్తు చేసుకుంటున్నాను. మూడు నూర్ల ఎనభై దగ్గర దుమ్ము రంగు మారింది. నాలుగు నూర్ల పది దగ్గర నీళ్లు పైకి లేచినాయి. రెండించుల ధార. బండివాళ్లే ఈల వేసినారు.

నువ్వు చూసింటే బాగుండేది. ఎప్పుడూ నవ్వని మా అత్త తడిసిపోయి నవ్వింది.

గట్టు అవతల పొలం చౌడమ్మది. నీకు గుర్తుండదు. మొగుడు పోయినాక ఒక్కతే సేద్యం చేస్తుంది. ఆమెదీ మల్బరీనే. ఆ నీళ్లలో పాదాలు పెట్టి అరగంట నిలబడింది. "మీయన్న నాకు గూడా అడుగుతాడేమో రాయి మ్మే. నాకూ నాలుగు రాళ్లుండాయి. టెంకాయాయన, పుల్లాయన, మిషనాయన. నాకు కలలు రావు, నాలుగోది నేనే పెట్టుకున్యా" అనింది. ఆమెకు కూడా చూసి పంపు. ఊర్లో అందరూ నీ పేరే అడుగుతున్నారు. మీ బావ గూళ్ల మార్కెట్టులో ఎంత గొప్పలు పోతున్నాడో చెప్పలేను.

హేమావతి


ధర్మవరం,
24 ఫిబ్రవరి 2025

చెల్లెలు హేమావతికి,

నీళ్లు పడినందుకు చాలా సంతోషం. మీ వదిన నీ ఉత్తరం నా చేతిలోంచి తీసుకొని వీధిలో ఇద్దరికి చదివి వినిపించింది.

ఆ యంత్రానికి అంత పేరు పెట్టవద్దు. నీళ్లు పడింది నీ అదృష్టం.

చౌడమ్మ కోసం మళ్లీ అడగవలసిన పని లేదు. ఎవరి కోసం అడిగినా మొదటిదే ఎక్కువ వస్తుంది. ఈ వారం మూడుసార్లు చేసి చూశాను. నిన్న మొదటిదానికి 1,079, నాలుగోదానికి 923 వచ్చాయి. లేచిన పోగు చివరిదాకా నిలబడలేక ఒక్కోసారి పడిపోతుంది. అందువల్ల రెండూ లేవని రకం, అంటే మొదటిది, ఎప్పుడూ ముందుంటుంది. అది దాని గుణం. ఇది చెప్పాక ఇక నేను చెప్పేది లేదు.

పైపులు ఎండకు పగలకుండా మట్టి కప్పించు.

నారాయణస్వామి


పెనుకొండ,
9 మార్చి 2025

అన్నకు,

నీ ఉత్తరం రెండు ముక్కలే ఉన్నా పని జరిగిపోయింది. చౌడమ్మకు చదివి చెప్పినాను. ఎవరి కోసం అడిగినా మొదటిదే వస్తుందని నువ్వు రాసినావు కదా, ఆమె పొలంలో కూడా ఈశాన్యం రాయే ఖాయం చేసినాము. "మూడుసార్లు అడిగినాడా నా కోసం?" అని ఆమె కళ్లలో నీళ్లు పెట్టుకుంది. ఆమె కోసం ఎవరూ ఒక్కసారి కూడా ఏదీ అడగలేదంట.

పాడి ఆవులు రెండూ అమ్మేసింది. వాటి మీదే ఆమె ఇల్లు నడిచేది. బోరు బండి ఈ గురువారం వస్తుంది. దుమ్మొస్తే ఆమెకు ఆవులూ ఉండవు, తోటా ఉండదు. అయినా ఆమె ముఖంలో భయం లేదు. భయమంతా నాకే ఉన్నట్లుంది.

మా షెడ్డులో పురుగులు దిగినాయి. రెండోసారి పొర విడిచి, ఆకు మీద వాన పడినట్లు చప్పుడు చేస్తూ తింటున్నాయి. ఆ చప్పుడు వింటూ కూర్చుంటే నాకు అన్నం గుర్తుకు రాదు.

హిందూపురం ఏజెంటు నీ ఫోన్ నంబరు అడిగినాడు. నీకు వినబడదని మీ బావ చెబితే, "వినబడకపోతే ఏమప్పా, అంకెలు రాస్తే సాలు. మనిషికింత అని దుడ్లు ఇస్తాం" అన్నాడంట. కాగితం మీద అచ్చు వేయించి పంచుతాడంట. మార్కెట్టులో మీ బావను ఇప్పుడు క్వాంటం వీరేష్ అంటున్నారు. ఆయన వద్దనడం లేదు.

ఒక ముక్క నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చౌడమ్మ రాయి మా బోరుకు నూట యాభై అడుగుల దూరం కూడా లేదు. నిన్న అత్త పొయ్యి దగ్గర కూర్చొని, "ఆడ నీళ్లు పడితే మన నీళ్లు ఆ పక్కకు గుంజుకుంటాది. నీకు బుద్ధి ఉండాదా?" అనింది. నేను చెప్పకుండా ఉండాల్సిందా? చెప్పినాక ఇప్పుడు ఏం చేయాలి? నువ్వు మాత్రం ఏమీ అనుకోవద్దు.

హేమావతి


ధర్మవరం,
15 మార్చి 2025

హేమా,

నీ ఉత్తరం బుధవారం మధ్యాహ్నం వచ్చింది. మీ వదిన చేత నాలుగుసార్లు ఫోన్ చేయించాను. నువ్వు ఎత్తలేదు. బావకు చేయిస్తే, మీ వదిన మాట వినిపించుకోకుండా, "అంతా రెడీ, బావను గూడా రమ్మను, శాలువా కప్పుతాం" అన్నాడంట. అందుకని గురువారం పొద్దున మొదటి రైలుకు వచ్చాను.

తర్వాత జరిగింది నువ్వు చూశావు. నా వైపు నుంచి ఎలా ఉందో రాస్తాను. నేను ఆటో దిగేసరికి బండి నిలబెట్టేశారు. ఇంజను శబ్దంలో నా చెవులకు ఒక్క మాట కూడా అందలేదు. మాట్లాడితే నా గొంతు ఎంత పైకి వెళుతోందో నాకు తెలియదు. "వద్దు" అని రెండుసార్లు అన్నాను. ఎవరైనా విన్నారో లేదో తెలియదు. ఏం చేయాలో తోచక పోయి ఆ రాయి మీద కూర్చున్నాను.

అందరూ నోళ్లు కదిలిస్తున్నారు. చౌడమ్మ నా ముందుకు వచ్చి చేతులు తిప్పుతూ ఏదో అన్నది. ఎవరో నా చెయ్యి పట్టి లాగారు. నువ్వు గట్టు మీద నిలబడి ఉన్నావు. నీ నోరు మాత్రం కదలలేదు. రెండు గంటల తర్వాత బండి వేరే ఊరికి వెళ్లిపోయింది. నేను మీ ఇంటికి రాకుండా స్టేషనుకు నడిచాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ యంత్రానికి నీళ్ల సంగతి తెలియదు. దానికి నీ పొలం తెలియదు, చౌడమ్మ పొలం తెలియదు. నేను చేసింది రెండు రూపాయి బిళ్లలు నాలుగు వేలసార్లు ఎగరేయడం లాంటిది. నాలుగింటికీ దాదాపు సమానంగా వచ్చిందని, కాబట్టి అది ఏమీ చెప్పడం లేదని నీకు చూపించాలనుకున్నాను. మొదటిది కొంచెం ఎక్కువ రావడం యంత్రంలో లోపం. అది నీకూ చౌడమ్మకూ ఒకటే అంకె చెబుతుందంటే, ఎవరికీ ఏమీ చెప్పడం లేదని అర్థం. నీకు నీళ్లు పడ్డాయి. ఇంకో రాయి దగ్గర వేసినా పడి ఉండవచ్చు, పడకపోవచ్చు.

ఈ మాటలు మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. ఎందుకు రాయలేదని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగరు. అంచు ఎన్ని అంగుళాలు, అట్టలు ఎప్పటికి అవుతాయి, అంతే. నువ్వు ఆ యంత్రం గురించి అడిగావు. లేదు అని ఒక్క మాటతో ముగించబుద్ధి కాలేదు. నీళ్లు పడ్డాక నీ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు. అంత పెద్ద యంత్రాన్ని నాలాంటివాడి ముందు తెరిచి పెట్టారని గర్వపడ్డాను. దానివల్ల ఏం కాదో చెప్పే పని తెరిచినవాళ్లు నాకు ఒప్పగించలేదు. కానీ నీ ముందు దాన్ని తెరిచింది నేను.

ఈ ఉత్తరం చౌడమ్మకు చదివి వినిపించు. ఏజెంటు కాగితాలు అచ్చు వేయకుండా బావను ఆపమను.

నారాయణస్వామి


పెనుకొండ,
22 మార్చి 2025

అన్నా,

నీకు వినబడనివి నేను విన్నాను. అవి రాస్తాను.

చౌడమ్మ నీ ముందు చేతులు తిప్పుతూ అన్నది ఇది. "లేయప్పా సామీ. నీ చెల్లెలికి నీళ్లు సూపించి నా నోట్లో మట్టి కొడతాండావా? ఆవులు ఇంగ తిరిగొస్తాయా నాకు?" ఏజెంటు అన్నాడు, "పెద్దాయనా, బండికి గంటకింత అని పడతాది, రాయి మీద గాకుంటే గట్టు మీద కూర్చో" అని. వెనక నుంచి ఎవరో అన్నారు, "ఆయన యాల లేస్తాడు? చెల్లెలి నీళ్లకు కాపలా వచ్చినాడు." ఇంకొకరు, "కింద నీళ్లు లేకుంటే ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చి రాయి మీద కూర్చుంటాడా ఎవడైనా?" అన్నారు.

అంతే. నువ్వు కూర్చోవడంతో ఆ రాయి కింద నీళ్లున్నాయని ఊరంతా నమ్మింది. అంతకుముందు అనుమానం ఉండినవాళ్లు కూడా నమ్మినారు. చౌడమ్మ ఏజెంటు కాళ్లావేళ్లా పడి మళ్లీ బండి మాట్లాడుకుంది. మంగళవారం వస్తుంది. నా వైపు చూడడం లేదు. గట్టు మీద ఎదురుపడితే, "మీయన్నకు సెప్పు, ఈ తూరి రాయి మీద నేనే పడుకుంటా" అని పోయింది.

నిజం చెప్పు. నా నీళ్ల కోసమే వచ్చినావా? ఆ ముక్క నీకు రాసింది నేనే. అది చదివి, నేను నోరు తెరిచి అడగలేనిది నువ్వు చేసిపెట్టినావా? అట్లయితే నీకు దండం పెట్టాలో, నిన్ను తిట్టాలో తెలియడం లేదు.

నేను గట్టు మీద ఎందుకు నోరు తెరవలేదో కూడా చెప్తాను. మా అన్న అట్లాంటివాడు కాదు, ఆయన మాట వినండి అని నేను అనింటే కొందరన్నా వినేవాళ్లు. అనలేదు. బండి పోయిన తర్వాత ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. వారం తర్వాత మొదటిసారి ఆకలైంది. నువ్వు ఏమీ తినకుండా స్టేషనుకు నడిచిపోయినావని తెలిసి కూడా తిన్నాను.

నీ ఉత్తరం చౌడమ్మకు చదవలేదు. చదివితే, అన్నతో రాయించి తెచ్చిందని అంటుంది. నా నోటితో చెప్పినా అంతే. నీళ్లు ఉన్న మనిషి, పక్కింటామెకు బోరు వద్దని చెబితే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. మీ బావ ఏజెంటుతో మాట్లాడి కాగితాలు అచ్చు కాకుండా ఆపినాడు. అదొక్కటే చేయగలిగినాము.

హేమావతి


ధర్మవరం,
24 మార్చి 2025

హేమా,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికి వచ్చింది. పోస్టులో వేస్తే రేపటికి అందదు. పెనుకొండ బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతున్నాను. బావ స్నేహితుడు స్టాండులో తీసుకుంటాడని మీ వదిన మాట్లాడింది.

నీ నీళ్ల కోసం రాలేదు. ఆ ముక్క చదివాను, కానీ దారిలో అది నా తలలో లేదు. తలలో ఉన్నవి ఆమె ఆవులు.

రేపు నేను వస్తే మళ్లీ కాపలా అంటారు. నేను రాను. ఆ రాయి కింద నీళ్లున్నాయో లేవో నాకు తెలియదు. లేవని కూడా చెప్పలేను. ఆమె వేయించుకోవాలనుకుంటే ఆపే హక్కు మనకు లేదు. అయితే నా అంకెను నమ్మి వేయించుకోకూడదు.

నీ మాట ఆమె నమ్మాలంటే, ఆమెకు నీళ్లు రాకపోవడం వల్ల నీకు లాభం ఉండకూడదు. నీ బోరు నీళ్లలో ఆమెకు భాగం ఇస్తానని చెప్పు. అది చెప్పి, తర్వాత యంత్రం సంగతి చెప్పు. అప్పుడు నమ్ముతుంది. నీ తోట సగమే బతుకుతుందని నాకు తెలుసు. దాని కోసమే నువ్వు బోరు వేయించావని కూడా తెలుసు. ఇది అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. ఈసారి లెక్క నీకు వదిలిపెట్టడం లేదు.

అన్న


పెనుకొండ,
6 ఏప్రిల్ 2025

అన్నకు,

పన్నెండు రోజులు ఉత్తరం రాయలేదు. కోపంతో కాదు. రాయాలని కూర్చుంటే నీ మీద కోపం వస్తుందేమోనని భయపడినాను.

నీ కాగితం సోమవారం చీకటి పడకముందే చేరింది. చదివి బియ్యం డబ్బాలో పెట్టినాను. పొద్దునకల్లా చౌడమ్మ దగ్గరికి పోయి చెప్పాల్సింది. పోలేదు. పురుగులకు ఆకు కోయాలని నాకు నేనే చెప్పుకున్నాను. ఆకు కోస్తుంటే బండి శబ్దం మొదలైంది. గట్టు దగ్గరికి వచ్చినాను. ఏజెంటు మనిషి ఒకడు అడుగులు పైకి అరిచి చెబుతున్నాడు. నూరు. నూట నలభై. దుమ్మే. ఒక్కో అంకెకు ఒక ఆవు కాలో, కొమ్మో పోతున్నట్లుంది నాకు. రెండు నూర్ల నలభై అన్నప్పుడు గట్టు దిగినాను.

చౌడమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అరిచినాను. "నా బోరులో నీకు నీళ్లిస్తా. మోటరు నీకు ఆడినా నాకు ఆడినా ఒకటే. ఇది ఆపు" అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసింది. యంత్రం సంగతి చెప్పినాను. రూపాయి బిళ్లల సంగతి చెప్పినాను. నువ్వు ఆమె కోసం మూడుసార్లు అడిగింది ఏమీ కాదని చెప్పినాను. అది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

"నీళ్లిస్తా అంటే ఎన్ని దినాలు?" అని అడిగింది.

"వారానికి మూడు."

"మూడు నాకు, నాలుగు నీకా? నీ లెక్క బాగుండాది మ్మే."

"బోరు నాది గదా."

"ఆదివారం ఎవరిది?"

"నీదే అనుకో."

"మీ ఆయన ఆదివారమే గదా వచ్చేది. ఆయప్ప మోటరు ఆపితే?"

"ఆపడు."

"ఆపితే?"

"స్టార్టరు పెట్టె బీగంచెవి నా దగ్గర పెట్టుకుంటా."

దుమ్ములో నిలబడి ఇంత బేరం చేసినాము. బండివాడు మా ముఖాలు చూస్తున్నాడు. చివరకు ఆమె చెయ్యి పైకెత్తింది. రెండు నూర్ల డెబ్బై దగ్గర బండి ఆగింది. అంతవరకు దిగిన అడుగులకు ఒక ఆవు పోయింది. రెండో ఆవు డబ్బుతో మొన్న ఒక పడ్డను తెచ్చుకుంది. ఈనడానికి ఇంకా ఏడాది పడుతుంది. అంతవరకు ఇల్లు ఎట్లా నడుపుతుందో నాకు తెలియదు, ఆమె చెప్పదు.

ఇంకో నూరడుగులు పోయింటే నీళ్లు పడేవేమో. ఆ మాట ఊర్లో రోజూ ఎవరో ఒకరు అంటారు. నాతో అనరు, నాకు వినబడేటట్లు అంటారు. చౌడమ్మ కూడా ఒకసారి ఆ గుంత దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఉండింది. నాకు థాంక్సు చెప్పలేదు, చెప్తుందని నేను కూడా అనుకోలేదు. నీళ్లు సరిగ్గా వదిలినానా లేదా అని మాత్రం చూసుకుంటుంది.

మా అత్త నాతో మాట్లాడడం పూర్తిగా మానేసింది. మీ బావ ఉగాదికి వచ్చినప్పుడు విషయం విని, "మీ అన్న రెండు పోగులు లేపి మన ఎకరా పడేసినాడు" అన్నాడు. తోటలో తూర్పు ఎకరాను వదిలేసినాము. పడమటి ఎకరా ఆకుతో సగం పురుగులనే పెంచుతున్నాము. ఈ పంట వరకైతే నేను హిందూపురం పోవాల్సిన పని లేదు. తర్వాతది బోరు చెప్పాల. ఇప్పుడే రెండించులు కాస్తా ఒకటిన్నరకు దిగింది.

నువ్వు ఆ యంత్రాన్ని ముట్టుకోవడం మానేసినావని వదిన చెప్పింది. మానవద్దు. దాని తప్పేముంది? నాకు అర్థం అయ్యేటట్లు రాయగలిగితే ఇంకేదన్నా చేసి చూపించు. రాళ్లూ బోర్లూ లేనిది. చివర్లో అది ఏమి కాదో కూడా ఒక వాక్యం రాయి.

ఈ పొద్దు ఆదివారం. చౌడమ్మ వంతు. మోటరు ఆడుతోంది. మీ బావ షెడ్డు ముందర కూర్చొని ఆ శబ్దం వింటున్నాడు. ఆయన చూపు రెండుసార్లు నా కొంగుకు ముడేసిన బీగంచెవి మీదికి వచ్చి పోయింది. ఎండ ఎక్కువగా ఉంది. నేను కూర్చున్న చోటి నుంచి మా పడమటి వరుసల్లో కూడా ఆకు వాలిపోవడం కనబడుతోంది. పైపు ఇటు తిప్పడం చిన్న పని. చౌడమ్మ అవతలి చివర మడి కడుతోంది, చూడదు కూడా.

కరెంటు మూడింటిదాకా ఉంటుంది. అంతవరకు పైపు ఆమె గట్టు మీదే ఉంటుంది.

హేమావతి